గైరుహాజరైన సభ్యుడు: పేరు, పాలు, పెత్తనం

గిల్డు అనే మాట మన విద్యార్థులకు నేడు చరిత్ర పాఠం వలన కంటె చేతిలోని ఫోను వలననే ఎక్కువగా పరిచయమవుతున్నది. మధ్యయుగపు ఐరోపాలో నేతగాండ్రు, కంసాలులు, వర్తకులు కట్టుకొన్న వృత్తిసంఘానికి ఆ పేరు ఉండేది. ఇంటర్నెట్టు ద్వారా అనేకులు ఒకేసారి ఆడే ఆటలలో కలిసి పోరాడే జట్టుకు అదే పేరు వచ్చింది. కొన్ని ఆటలలో దీనిని క్లాన్ అంటారు, మరికొన్నింట కార్పొరేషన్ అంటారు. పేరు ఏదైనా స్వరూపం ఒక్కటే. ఒక నాయకుడు, కొందరు ఉపనాయకులు, సభ్యుల పట్టీ, ఉమ్మడి ధనాగారం, ఉమ్మడి యుద్ధం ఉంటాయి. ఆటల వలన చదువు చెడునా చెడదా అనే చర్చను తలిదండ్రులకే వదలిపెట్టుదము. డిగ్రీ మొదటి సంవత్సరపు బాలుడొకడు, తాను ముఖమైనా చూడని యాభైమందికి పెద్దగా ఉండి, వారిలో ఎవరిని ఉంచవలెను, ఎవరిని తీసివేయవలెను అని నిర్ణయిస్తున్నాడన్న విషయం మాత్రం మన దృష్టికి రావలసి ఉన్నది. ఇది పరిపాలన. దీనికి పాఠ్యపుస్తకం లేదు.

ఈ పరిపాలనలో అన్నింటికంటె చిక్కైనది కలహించే సభ్యుని సమస్య కాదు. కలహించేవాడు ఎదురుగానే ఉంటాడు, అతనితో మాట్లాడవచ్చును. పట్టీలో పేరుండి పదిహేను రోజులుగా, నెల రోజులుగా అలికిడి లేని సభ్యుని విషయమే అసలు చిక్కు. అతని పేరు పక్కన ఆట యంత్రం చివరిసారి వచ్చిన కాలాన్ని మాత్రం చూపుతుంది. ఎందుకు రాలేదో చెప్పదు. నాయకుడు ఆ అంకెను చూచి కారణాన్ని ఊహించుకొంటాడు. ఈ ఊహలోనే అన్యాయానికి చోటున్నది.

ముందుగా నాయకుని కష్టం న్యాయంగా చెప్పుకొందాము. ఫిన్లండు దేశపు సూపర్‌సెల్ సంస్థ 2012లో విడుదల చేసిన క్లాష్ ఆఫ్ క్లాన్స్ అనే ఆట మన విద్యార్థులలో చాలామందికి తెలిసినదే. అందులో ఒక క్లానుకు యాభైమందికి మించి సభ్యులుండరాదు. క్లాను యుద్ధంలో ఒక్కొక్కరికి రెండు దాడులు చేసే హక్కు ఉంటుంది. పదిహేనుగురు పదిహేనుగురితో తలపడినప్పుడు ఒక పక్షానికి ముప్పది దాడులు. ముగ్గురు రాకపోతే ఆరు దాడులు వృథా అవుతాయి, అనగా అయిదింట ఒక వంతు బలం యుద్ధానికి ముందే పోయినట్లు. మిగిలిన పన్నెండుగురు నిద్ర మానుకొని ఎంత నేర్పుగా ఆడినా ఆ లోటు పూడుట అరుదు. ఒకటి రెండు పర్యాయాలు ఇట్లు జరిగిన పిమ్మట ఆ పన్నెండుగురిలో మంచి ఆటగాండ్రు వేరొక క్లానుకు వెళ్లిపోతారు. రానివాని వలన వచ్చేవాడు పోతున్నాడన్నమాట. ఇది గాక, యాభై స్థానాలలో పది మూసుకొని ఉంటే కొత్తగా రాగోరువానికి తలుపు లేదు. పట్టీ నిండుగా ఉండి పలకరించే మనిషి లేని సంఘాన్ని చూచి కొత్తవాడు మూడవనాడే వెనుదిరుగుతాడు.

కాబట్టి నాయకుడు ఏమీ చేయక ఊరకుండుట దయ కాదు, హాజరైనవారి పట్ల ఉపేక్ష. అయితే చాలా గిల్డులలో జరుగుతున్నది దీనికి విరుద్ధమైన మరొక దోషం. ఒకనాటి రాత్రి నాయకునికి విసుగు పుడుతుంది, పట్టీ పై నుండి కిందికి చూచి, నెల దాటిన పేర్లన్నీ ఒక్క ఊపున తొలగిస్తాడు. తెల్లవారేసరికి పట్టీ శుభ్రంగా ఉంటుంది. వారం గడిచేసరికి ఇంకా కొందరు కనిపించరు. తొలగింపబడిన వానికి అన్నయ్యో, తరగతి మిత్రుడో ఆ పట్టీలోనే ఉండి ఉంటాడు. సంఘం పైకి ఒకటిగా కనిపించినా లోపల నలుగురేసి, అయిదుగురేసి ఉండే చిన్న చిన్న గుంపుల కూర్పు. ఒక పేరు పీకితే ఆ తీగె వెంట మరికొన్ని వస్తాయి.

ఇక్కడ మన కళాశాలకు సహజమైన ఒక భాషావిషయాన్ని చెప్పక తప్పదు. తెలుగులో మనం నిత్యం వాడే హాజరు, గైరుహాజరు అనే మాటలు అరబ్బీ నుండి ఉర్దూ ద్వారా మన కచ్చేరీలకు, బడులకు వచ్చినవి. హైదరాబాదు తెలుగులో గాయబు అయినాడు అని కూడా అంటారు. ఇస్లామీయ న్యాయశాస్త్రంలో ఈ కోవకు చెందిన రెండు పదాలకు సూక్ష్మమైన భేదం కలదు. దూరంగా ఉన్నా ఎక్కడ ఉన్నాడో తెలిసినవాడు గాయిబ్. బ్రతికి ఉన్నాడో లేడో, ఎక్కడ ఉన్నాడో ఎవరికీ తెలియనివాడు మఫ్ఖూద్. మొదటివానికి జాబు వ్రాయవచ్చును. రెండవవాని విషయంలో న్యాయాధికారి విచారణ జరుపవలసి ఉంటుంది. గిల్డు నాయకులు చేస్తున్న పొరపాటు సామాన్యంగా ఇదే. జాబు వ్రాయదగిన వానిని కూడా జాడ తెలియనివాని కిందనే లెక్కిస్తున్నారు.

మఫ్ఖూద్ విషయమై హనఫీ న్యాయవేత్తలు చెప్పిన సూత్రం బహు రమ్యమైనది. అతడు తన సొంత ఆస్తి విషయంలో జీవించియున్నట్లే లెక్క, ఇతరుల ఆస్తిలో తనకు రావలసిన దాని విషయంలో మరణించినట్లు లెక్క. అనగా అతని ఇల్లును, పొలాన్ని వారసులు పంచుకొనరాదు. అతడు లేనప్పుడు చనిపోయిన బంధువు ఆస్తిలో అతని పేర కొత్త వాటా కూడా స్థిరపడదు. ఉన్నది పోదు, కొత్తది చేరదు. మాలికీ సంప్రదాయంలో భార్య నిరీక్షణకు నాలుగేండ్ల గడువు ఉన్నది. మన దేశంలో 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం ఆ నాలుగేండ్లనే స్వీకరించింది. సామాన్య సాక్ష్య చట్టంలో ఏడేండ్లు వినబడనివానిని మరణించినట్లు భావించే నియమం 1872 నుండి ఉన్నది, 2024 జూలైలో అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోను అది కొనసాగుతున్నది. ఇన్ని శాస్త్రాలు ఇంత ఓపిక పట్టినవి కదా అని ఆటల గిల్డు ఏడేండ్లు ఆగవలెనని ఎవరూ అనరు. ఆటలో కాలం వేగంగా నడుస్తుంది. గడువు చిన్నది కావచ్చును గాని ఆ సూత్రంలోని విభజన మనకు అక్కరకు వస్తుంది.

ఆ విభజనను తెలుగులో పేరు, పాలు, పెత్తనం అని చెప్పుకొందాము. సభ్యుడనేవాడు ఒక్క ముద్ద కాదు. పట్టీలో పేరొకటి, రాబడిలో పాలు ఒకటి, తాళపుచెవులు చేతనుండే పెత్తనం ఒకటి. ఈ మూడింటిని ఒక్క వేటుతో తీసివేయుట గాని, ఒక్క జాలితో ఉంచివేయుట గాని రెండూ తగవు. పెత్తనం త్వరగా తీసుకొనవలెను. పాలు వెంటనే ఆపవలెను. పేరును మాత్రం తుదివరకు ఉంచవలెను.

పెత్తనం మాట. ఐస్లండు దేశపు సి.సి.పి. సంస్థ 2003లో ఆరంభించిన ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్షపు ఆటలో బ్యాండ్ ఆఫ్ బ్రదర్స్ అనే మహాకూటమి ఒకటి ఉండేది. వేలాది ఆటగాండ్రతో, విశాలమైన రాజ్యంతో అది ఆ ఆటలో తిరుగులేనిదిగా పేరుపొందింది. 2009 ఫిబ్రవరిలో ఆ కూటమి పెద్దలలో ఒకడు లోలోపల శత్రుపక్షమైన గూన్‌స్వార్మ్ వైపు మళ్లి, తనకున్న అధికారంతోనే కూటమిని రద్దు చేసివేశాడు. ఏండ్ల తరబడి యుద్ధంలో సాధ్యం కానిది ఒక్క మీట నొక్కుటతో అయింది. ఆ పేరును సైతం శత్రువులు తమ వశం చేసుకొన్నారు. ఆ వ్యక్తి పట్టీలో హాజరైనవాడే, మనసు మాత్రం అప్పటికే గైరుహాజరు. హాజరైనవాని చేతిలోనే తాళపుచెవి ఇంత చేయగలిగితే, ఎక్కడ ఉన్నాడో తెలియనివాని చేతిలో ధనాగారపు హక్కు నెలల తరబడి ఉంచుట ఎంతటి సాహసమో ఊహించవచ్చును. అతడు దుష్టుడు కానక్కరలేదు. అతని రహస్య సంకేతపదం మరొకరి చేతిలో పడితే చాలును. ఉపనాయకుడు వారం పది రోజులు కనబడకపోతే అతని హోదాను తాత్కాలికంగా దించుట అవమానం కాదని సంఘం మొదటే చెప్పి ఉంచవలెను. 2004 నుండి నడుస్తున్న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో గిల్డు నాయకుడు పది అంతస్తుల దాకా హోదాలను ఏర్పరచి, వాటికి తనకు తోచిన పేర్లు పెట్టి, ఏ హోదాకు ఏ హక్కో నిర్ణయించవచ్చును. అందులో ఒకదానికి సెలవులో ఉన్నవారు అని పేరు పెడితే సగం మనస్తాపం తగ్గుతుంది.

పాలు మాట కొంత జటిలం. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో మహాసర్పాలను సంహరించినప్పుడు దొరికిన ఆయుధాలను, ఆభరణాలను ఎవరికి ఇవ్వవలెనన్న తగాదా పుట్టింది. పోరు డజన్ల కొద్దీ మనుషులది, దొరికే వస్తువులు రెండో మూడో. అప్పుడు ఆఫ్టర్‌లైఫ్ అనే గిల్డువారు ఒక లెక్క కనిపెట్టారు. వచ్చిన ప్రతి పోరుకు ప్రతివానికి కొన్ని మార్కులు వేయుట, వస్తువు కావలసినవాడు ఆ మార్కులు చెల్లించి తీసుకొనుట. దీనిని డ్రాగన్ కిల్ పాయింట్స్ అన్నారు. తరువాతి ఆటలలో అనేక గిల్డులు దీనిని అనుసరించాయి. ఈ లెక్కలోని గుణం ఏమనగా అది హాజరును కొలుస్తుంది. దోషం కూడా అక్కడే ఉన్నది. ఏడాది క్రితం మార్కులు కూడబెట్టి వెళ్లిపోయినవాడు ఒకనాడు తిరిగివచ్చి, నిన్నటిదాకా చెమటోడ్చినవారి ఎదుట అతిశ్రేష్ఠమైన వస్తువును తీసుకొనిపోతాడు. ఇందుకు విరుగుడుగా కొన్ని గిల్డులు నిల్వ మార్కులలో వారానికి కొంత తరుగు పెట్టాయి. నా అభిప్రాయంలో తరుగు తప్పు కాదు గాని పూర్తిగా సున్న చేయుట తప్పు. అతడు చేసిన పని చేసినదే. కొత్త పోరులో వచ్చిన దానిలో అతనికి భాగం లేదు, పాతది మాత్రం కొంతైనా నిలవవలెను.

ఇదే సందర్భంలో యాజ్ఞవల్క్య స్మృతిలోని ఒక నియమం గమనింపదగినది. కలిసి వ్యాపారం చేసేవారిలో వంచన చేసినవానిని లాభమీయక తొలగింపవలెనని, అశక్తుడైనవాడు తన పనిని మరొకనిచేత చేయించుకొనవచ్చునని అందులో చెప్పబడినది. వంచకునికి, అశక్తునికి స్మృతికారుడు ఒకే శిక్ష వేయలేదు. క్లాష్ ఆఫ్ క్లాన్స్‌లో సభ్యుడు తాను యుద్ధానికి సిద్ధమో కాదో ముందుగా తెలుపుటకు ఒక మీట ఉన్నది. పరీక్షల కాలంలో దానిని నొక్కి, తన స్థానంలో మరొకనిని పోనిచ్చేవాడు అశక్తుడు. సిద్ధమని చెప్పి రెండు దాడులూ ఎగవేసేవాడు వేరు. మొదటివానిని రెండవవానితో జతకట్టి తొలగించే నాయకుడు తన సంఘంలో నిజం చెప్పే అలవాటునే దండిస్తున్నాడు.

ఇక పేరు. దీనిమీద కొంత నిలిచి ఆలోచింపవలసి ఉన్నది. మన దేశంలో గిల్డుకు సాటియైన ప్రాచీన సంస్థ శ్రేణి. నేటి మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌లో దొరికిన శాసనంలో పట్టునేతగాండ్ర శ్రేణి ఒకటి కనబడుతుంది. వారు లాట దేశం నుండి, అనగా దక్షిణ గుజరాతు ప్రాంతం నుండి దశపురానికి వలస వచ్చినవారు. వచ్చిన తరువాత కొందరు విలువిద్యలో చేరారు, కొందరు కథలు చెప్పుటలో, కొందరు జ్యోతిషంలో ప్రవీణులయ్యారు, మిగిలినవారు మగ్గాన్ని విడువలేదు. నేటి గిల్డు నాయకుని దృష్టిలో మొదటివారంతా నిష్క్రియ సభ్యులే. అయినను శాసనం వారిని శ్రేణి కీర్తిలో భాగంగానే చెప్పింది. క్రీ.శ. 436లో సూర్యదేవాలయం కట్టించినది ఆ శ్రేణియే, 473లో దానిని బాగుచేయించినదీ ఆ శ్రేణియే. మగ్గం మానినవాని పేరు కొట్టివేసి ఉంటే ఆ ముప్పది ఏడేండ్ల కాలానికి శ్రేణిలో ఎందరు మిగిలేవారో చెప్పలేము.

పేరు కొట్టివేతకు ముందు విచారణ అవసరమని ఆధునిక చట్టం కూడా అంటున్నది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షను ప్రకారం, ఈ నియోజకవర్గంలో నివాసం లేడని ఒకని పేరును ఓటర్ల జాబితా నుండి తీసివేయదలచిన అధికారి, అతనికి తన మాట చెప్పుకొనే తగిన అవకాశం ఇవ్వవలెను. జాబితాలో పేరు ఎంత విలువైనదో, అది లేదని తెలిసిన దినాన ఎట్లుంటుందో మన విద్యార్థుల కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. ఆటలోని పట్టీ అంత గొప్పది కాదు. కాని ఒక పేరును అడగకుండ కొట్టివేసే అలవాటు చిన్ననాట వేలికొనకు అబ్బినచో, రేపు ఆ వేలు ఏ ఆఫీసు రిజిస్టరు మీద ఉంటుందో మనకు తెలియదు. మన కళాశాలలోని సాహితీ సంఘాలు, పూర్వవిద్యార్థుల సంఘాలు కూడా పట్టీలు సవరించునప్పుడు కమిటీ పెద్దలు దీనిని మనసులో ఉంచుకొనవలెనని మనవి.

ఎందుకు రాలేదన్న ప్రశ్నకు మన ప్రాంతంలో దొరికే సమాధానాలు ఎట్టివి? రీచార్జి అయిపోయి ఉండవచ్చును. ఇంటిలో ఉన్న ఒక్క ఫోను చెల్లెలి ఆన్‌లైన్ తరగతికి పోయి ఉండవచ్చును. రమ్జాను మాసంలో తరావీహ్ నమాజుకు, సహరికి నడుమ మిగిలే రాత్రి ఎంత? ఒక్కొక్కప్పుడు ప్రభుత్వమే కారణం కావచ్చును. 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌ను, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు ఎన్నో జట్లు ఒక్కనాటిలో చెదరిపోయాయి. వారిలో ఒక్కరైనా తమంతట తాము మానుకొన్నవారు కారు.

అంతకంటె గంభీరమైన కారణం ఉండవచ్చును. నార్వే దేశస్థుడైన మాట్స్ స్టీన్ డుషేన్ అనే కండరాల క్షీణవ్యాధితో బాధపడిన యువకుడు. చక్రాల కుర్చీకే పరిమితమై, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇబెలిన్ అనే పేరుతో స్టార్‌లైట్ గిల్డులో ఆడేవాడు. కుమారునికి స్నేహితులే లేరని తలిదండ్రులు దుఃఖించేవారు. 2014 నవంబరులో, ఇరువది అయిదవ యేట అతడు మరణించాడు. తండ్రి రాబర్ట్ స్టీన్ కుమారుడు వ్రాసుకొనే ఇంటర్నెట్టు పుటలోనే ఆ వార్తను ప్రకటించాడు. వెంటనే ఐరోపాలోని పలు దేశాల నుండి గిల్డు సభ్యుల సంతాపలేఖలు రాసాగాయి, కొందరు అంత్యక్రియలకు స్వయంగా వచ్చారు. ఆ జీవితంపై తీసిన డాక్యుమెంటరీ చిత్రం 2024లో విడుదలైనది. తండ్రి ఆ వార్త ప్రకటించకుంటే ఏమయ్యేదో విద్యార్థులు ఆలోచింపవలెను. పట్టీలో ఇబెలిన్ పేరు పక్కన ముప్పది రోజులని, తొంబది రోజులని అంకె పెరిగేది, అంతే. ఆ అంకెకు, ఆటపై విసుగుపుట్టి పోయినవాని అంకెకు చూపులో భేదమేమీ లేదు. స్టార్‌లైట్ సభ్యులు నేటికీ అతనిని తలచుకొంటున్నారు.

ఇన్ని చెప్పి ఆచరణ చెప్పకపోతే విద్యార్థులు నన్ను విడువరు. సభ్యుని చేర్చుకొనే నాడే గడువులు తెలుపవలెను. తరువాత తెలిపే నియమం నియమం కాదు, కోపం. ఏడు రోజులు రాకపోతే యుద్ధపు పట్టీలో వేయరాదు. ఇందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పదిహేనవ రోజున ఒక జాబు పోవలెను. అది నాయకుని నుండి కంటె అతనితో ఎక్కువ మాట్లాడే మిత్రుని నుండి పోతే మంచిది. ఎప్పుడు వస్తావని అడుగుటకు ముందు ఎట్లున్నావని అడుగవలెను. ముప్పదవ రోజున రెండవ జాబు, అందులో గడువు తేదీ స్పష్టంగా ఉండవలెను. స్థానాలు వేయి ఉన్న ఆటలో పేరు ఉంచుటకు ఖర్చు లేదు, కనుక ఉంచవచ్చును. యాభై స్థానాలే ఉన్నచోట ఉపసంఘం ఒకటి పెట్టి అందులోకి పంపవచ్చును. చాలా క్లానులు ఇట్లే చేస్తున్నాయి. అదీ కుదరనప్పుడు తొలగింపు తప్పదు. ఆ సమయంలో ఆట యంత్రం పంపే సందేశంలో నాలుగు మాటలు వ్రాసే వీలుంటుంది. దానిని ఖాళీగా వదలరాదు. స్థానం కొరకు తీసితిమి, తిరిగి రాగలవు, అని వ్రాస్తే చాలును.

గడువును ఆపే తెలివి కూడా ఉండవలెను. స్క్వేర్ ఎనిక్స్ వారి ఫైనల్ ఫాంటసీ పదునాలుగవ ఆటలో నలుబది అయిదు రోజులు యజమాని అడుగుపెట్టని ఇల్లు దానంతట అదే కూలిపోతుంది. స్థలం తక్కువ, కావలసినవారు ఎక్కువ. 2020లో కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఆ సంస్థ ఈ గడియారాన్ని కొంతకాలం నిలిపివేసింది. లాభం కొరకు నడిచే వ్యాపార సంస్థ చేయగలిగిన పని మన యాభైమంది గిల్డు పరీక్షల నెలలోను, రమ్జాను మాసంలోను చేయలేకపోవుటకు కారణం కనబడదు.

తిరిగి వచ్చినవాని విషయం ఒక్కటి మిగిలింది. అతనికి పాత పెత్తనం వెంటనే ఇవ్వరాదు, రెండు మూడు యుద్ధాల తరువాత చూడవచ్చును. పాత మార్కులలో మిగిలినదేదో లెక్క చూపి అప్పగించవలెను. ఎక్కడికి పోయినావని అందరి ఎదుట అడుగరాదు. చెప్పదలచుకొంటే అతడే చెప్పుకొంటాడు. పట్టీలో అతడు మొదట చేరిన తేదీ వ్రాసుకొనే గిల్డైతే, ఆ పాత తేదీనే తిరిగి వ్రాయవలెను, నేటి తేదీ కాదు.